లక్ష్మి పట్టని గడి

చోడవరంలో కూర్చుని వెబ్‌సైట్ల గురించి పోట్లాడుకుంటారా అని విశాఖలో ఎవరైనా నవ్వితే నవ్వనీండి. 2020లో కరోనాకి భయపడి సొంతూళ్ళకు చేరిన ల్యాప్‌టాప్‌లలో కొన్ని మళ్ళీ హైదరాబాదు బస్సెక్కలేదు. మా తమ్ముడి ఇంట్లో ఒకటి అలాగే ఉండిపోయింది. వాడి కూతురు దాని ముందు కూర్చుని ఒక హైదరాబాదు కంపెనీకి చెల్లింపుల ప్రోగ్రాములు రాస్తుంది. డేటాబేసులు, సర్వర్లు, అంతా తెర వెనక పని. కొడుకు డీటీపీ సెంటర్లో పెళ్ళికార్డులతో, ఫ్లెక్సీలతో మొదలుపెట్టి ఇప్పుడు వెబ్ డిజైనరయ్యాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారి ఒకాయన వీళ్ళిద్దరికీ ఒక పని అప్పజెప్పాడు. రైతు తెచ్చిన దిమ్మలెన్ని, తూకమెంత, ఏ ధర పలికింది, బాకీ ఎంత అన్నవి రైతు ఫోనులో కనిపించాలి. గుమస్తా తన తెర మీద నుంచే డబ్బు పంపాలి. అక్క వెనక పని ముగించింది. తమ్ముడు ఒక నమూనా పంపి, తర్వాత వేరే పనుల్లో పడి ఆలస్యం చేస్తే, ముందు పేజీ కూడా తనే చేసేసింది. అక్కడ రాజుకుంది.

వెనక పని చేసే ప్రోగ్రామరు ముందు కనిపించే డిజైను కూడా నేర్చుకోవాలా? వరసకి పెదనాన్నని గనక తీర్పు చెప్పమని నన్ను మధ్యన కూర్చోబెట్టారు. తీర్పు నా వల్ల కాలేదు. విన్నది రాస్తున్నాను. నోరు ఊరుకోని చోట కుండలీకరణాల్లో దూరాను.

తమ్ముడు: అక్కా, ఒకటడుగుతాను, కోప్పడకు. ఆ పేజీకి ఊదారంగు ఎందుకు పెట్టావు?

అక్క: బాగుందని పెట్టాను.

తమ్ముడు: ఊదాలోంచి గులాబీలోకి జారుతోంది. బటన్ల కింద నీడలు. బాకీ గడేమో పసుపు, అందులో అంకెలు తెలుపు. యార్డులో ఎర్రటి ఎండలో ఫోను పట్టుకుని నిలబడ్డ రైతుకి ఒక్క అంకె కనిపిస్తే నన్నడుగు. బెల్లం తెల్లగా రావాలని పాకంలో హైడ్రోస్ కలుపుతారు చూడు, అలాగుంది నీ పని.

అక్క: తెల్ల బెల్లానికే నాలుగు డబ్బులు ఎక్కువ పలుకుతున్నాయి కదరా.

తమ్ముడు: అందుకే కదా కలుపుతున్నారు! అక్షరానికీ దాని వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం నాలుగున్నర రెట్లుండాలని ప్రపంచమంతా వాడే కొలత ఒకటుంది. నీ పసుపు మీద తెలుపుకి రెండు రెట్లు కూడా ఉండదు. కన్ను ముందు ఎక్కడ పడుద్ది, తర్వాత ఎటు జరుగుద్ది, రెండు వరసల మధ్య ఎంత ఖాళీ ఉంటే చదివేవాడు తప్పిపోడు, ఇవన్నీ నాకు పుస్తకాల్లో రాలేదు. పెళ్ళికార్డులో వధువు పేరు కంటే బ్యాండుమేళం వాడి పేరు పెద్దదైపోయిన రోజున పెళ్ళివారు పెట్టిన చీవాట్లతో వచ్చాయి. నువ్వేమో రెండు వీడియోలు చూసి దిగిపోయావు.

అక్క: అంటే నేను నేర్చుకోకూడదంటావు.

తమ్ముడు: వద్దనే అంటాను. సగం నేర్చుకున్నవాళ్ళతోనే నాకు ఎక్కువ ప్రమాదం. ఏమీ రానివాడు నన్ను పిలుస్తాడు. సగం వచ్చినవాడు పిలవడు.

అక్క: పిలిస్తే మాత్రం వచ్చావేటి? సీజను మొదలైపోయింది. రైతులు దిమ్మలు తెస్తున్నారు, లెక్కలు నా సర్వర్లో మూలుగుతున్నాయి, చూపించడానికి పేజీ లేదు. హైదరాబాదులో అయితే డిజైన్ టీమని వేరే ఉంటుంది, పక్క ఫ్లోరుకెళ్ళి అడుగుతారు. చోడవరంలో నాకున్న డిజైన్ టీము నువ్వొక్కడివే. నీకు జ్వరమొస్తే టీమంతా సెలవే.

తమ్ముడు: ఊరు చిన్నదని ఒకే మనిషి పళ్ళూ పీకి కళ్ళద్దాలూ ఇస్తే ఒప్పుకుంటావా? సరే, అది వదిలెయ్. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర బోర్డులు చూశావు కదా. ఇప్పుడు ఎటు చూసినా ఫుల్‌స్టాక్. వెనకా ముందూ రెండూ మేమే నేర్పిస్తాం, కొన్ని నెలల్లో ఉద్యోగం. ఫుల్‌స్టాక్ అంటే ఏటక్కా? ఇద్దరి పని, ఒకరి జీతం. నువ్వు సరదాకి నేర్చుకున్నా సరే, నేర్చుకున్నావని మీ మేనేజరుకి తెలిసిన రోజున నాలాంటివాడి కుర్చీ ఒకటి ఖాళీ అవుద్ది. నీ కుర్చీలో మాత్రం జీతం పెరగదు.

అక్క: అది కాదనను. మా దగ్గర ఒకమ్మాయికి బటన్లు సర్దడం వచ్చని తెలిసింది. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం సాయంత్రం బటన్లన్నీ ఆ పిల్లకే. సర్వరు పని ఎలాగూ ఉండనే ఉంది.

(ఇక్కడ నా ఓటు తమ్ముడిదే. నేర్చుకోవాలా అన్న ప్రశ్నని కంపెనీలు అడిగినప్పుడు దాని వెనక సాధారణంగా ఒక ఖర్చు లెక్క ఉంటుంది. అదే ప్రశ్న చేసేవాళ్ళు తమలో తాము అడుక్కుంటే వేరే సంగతి. అందుకే ఇంట్లో జరిగిన ఈ గొడవ నాకు నచ్చింది.)

తమ్ముడు: ఇంకోటి. బుడుగు ఎవరిది? ముళ్ళపూడి వెంకటరమణగారిది. బొమ్మలెవరివి? బాపుగారివి. రమణగారికి బొమ్మలు గీయడం రాదని తెలుగువాళ్ళెవరైనా బెంగపెట్టుకున్నారా?

అక్క: లేదు. అయితే వాళ్ళిద్దరూ మద్రాసులో ఒకే బడిలో చదువుకున్నారు. జీవితమంతా ఒకరి పక్కన ఒకరు కూర్చుని పనిచేశారు. బాపుగారు సినిమా తీసేముందు దృశ్యాలన్నీ బొమ్మలుగా గీసుకునేవారు. అంటే మాట ఎక్కడ ఆగాలో బొమ్మ వేసేటప్పుడే ఆయనకి తెలుసు. బొమ్మ ఎక్కడ మాట్లాడుద్దో రాసేటప్పుడే రమణగారికి తెలుసు. నీకూ నాకూ మధ్యన ఏముంది? ఒక జిప్ ఫైలుంది.

తమ్ముడు: అసలు వెబ్‌ని కట్టినవాళ్ళే ఈ రెంటినీ విడదీశారు కదా. 1994లో హాకన్ వియమ్ లీ సెర్న్‌లో ఉండగా పేజీకి వేషం వేసే సీఎస్ఎస్‌ని ప్రతిపాదించింది ఎందుకు? విషయం ఒకచోట, వేషం ఒకచోట ఉండాలనే. 1996 డిసెంబరుకల్లా అది ప్రమాణమైంది.

అక్క: విడదీసింది ఫైళ్ళని. మనుషుల్ని కాదు.

తమ్ముడు: మాటకి మాట బాగుంది. మరి నీకెందుకింత పట్టుదల? ఇండెక్సులూ, లావాదేవీలూ, భద్రతా అని వెనక పనిలోనే ఒక జన్మకి సరిపడా ఉంది కదా.

అక్క: చెప్తాను. నువ్వు వ్యాపారికి నమూనా పంపినప్పుడు అందులో రైతుల పేర్లేం పెట్టావు?

తమ్ముడు: రాము, సీత.

అక్క: అనకాపల్లి యార్డుకి రామూ సీతా రారు నాన్నా. అప్పలనరసమ్మ వస్తుంది. వెంకట సత్యనారాయణ వస్తాడు, ఇంటిపేరుతో, తండ్రి పేరుతో. సింహాచలం అని నలుగురుంటారు, ఇద్దరిది ఒకే ఊరు. నా దగ్గరున్న డేటా అది. నీ పెట్టె రాముకి కొలిచి కుట్టావు.

తమ్ముడు: అసలు పేర్ల జాబితా నువ్వు పంపలేదు.

అక్క: నువ్వడగలేదు. సరే, నా వైపు సంగతి విను. పేరుకి గడి పెట్టేటప్పుడు 20 చాలనుకున్నాననుకో. ఒరాకిల్ డేటాబేసులో ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఆ 20 అక్షరాలు కాదు, బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. లక్ష్మి అని రాయి. కంటికి రెండక్షరాలు. కంప్యూటరుకి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం 7 సంకేతాలు, 21 బైట్లు. ఇంగ్లీషులో రాస్తే 7 బైట్లతో పోద్ది. నా 20 గడిలో లక్ష్మి పట్టదు.

(పట్టకపోతే ఆ గడి ఉండి ఏం లాభమని వ్యాపారి అడుగుతాడు.)

తమ్ముడు: అది డిజైన్ కాదక్కా. నీ వెనక పనిలో నీ అజాగ్రత్త. దాన్ని నా శాఖలోకి తోసెయ్యకు.

అక్క: ఆగు. అప్పలనరసమ్మ పేరు పెద్దదని, చిన్న ఫోనులో పట్టదని, 10 దగ్గర కత్తిరించి పక్కన మూడు చుక్కలు పెట్టమని ప్రోగ్రాము రాశాను. ఆ పేరులో 11 సంకేతాలున్నాయి. పదో సంకేతం పొల్లు. చివరి మ పోయి, "అప్పలనరసమ్" అని మిగిలింది. ఒక మనిషి పేరు పొల్లుతో ఆగిపోయింది. ఈ తప్పు పుట్టింది నా కోడులో. కనిపించేది నీ పేజీలో. నేను సర్వరు లాగులు చూసుకుంటూ కూర్చుంటే ఇది జన్మలో తెలియదు, ఎందుకంటే లాగులో ఎర్రర్ లేదు. కంటితో చూస్తేనే ఉంది.

తమ్ముడు: కన్నుంటే చాలు కదా. దానికి డిజైన్ కోర్సెందుకు?

అక్క: చూసినా ఏం చూడాలో తెలియాలి. నువ్వే చూడలేదు, నన్నేటంటావు? ఆ బటన్ ఎత్తు నువ్వే పెట్టావు. ఇంగ్లీషులో గీసి, సరిగ్గా ఉందని పంపావు. నేను దాని మీద "చెల్లింపు" అని రాస్తే ల కింద వత్తు సగానికి తెగింది. ఇంగ్లీషు అక్షరానికి కింద ఒక తోక ఉంటుంది, అంతే. మనకి కిందో అంతస్తు, ఒక్కోసారి దాని కింద ఇంకోటి. వరసకీ వరసకీ మధ్య ఇంగ్లీషుకి సరిపోయిన ఖాళీ మనకి చాలదు.

తమ్ముడు: ...అది నిజమే. తెలుగు పెట్టి చూడాల్సింది.

(తమ్ముడు ఒప్పుకున్నది ఈ ఒక్కచోటే అనుకోకండి, గొంతు తగ్గింది మాత్రం ఇక్కడే. ఒక మాట నేను చేర్చాలి. తెలుగు అక్షరాన్ని తెర మీద గీయడం వీళ్ళిద్దరికే కాదు, ఆపిల్‌కే చెమటలు పట్టించింది. 2018 ఫిబ్రవరిలో జ్ఞ అక్షరానికి కంటికి కనిపించని ఒక సంకేతమూ దీర్ఘమూ తగిలిన కూర్పు ఒకటి మెసేజిలో వస్తే చాలు, ఐఫోనులో ఆ యాప్ కూలిపోయేది. ఆ నెలలోనే 11.2.6 అని కొత్త వెర్షన్ విడుదల చేసి సరిదిద్దారు. సాఫ్ట్‌వేర్‌లో ముందే అమర్చి ఉంచిన కొలతలు చాలావరకు మన లిపిని ఎదురుగా పెట్టుకుని చేసినవి కావు. తెలుగులో పేజీ కట్టేవాళ్ళు, వెనకవాళ్ళయినా ముందువాళ్ళయినా, వాటిని నమ్మి నిద్రపోలేరు.)

అక్క: ఇంకా చెప్పాలంటే, వేషం ఒక్కటీ చూసుకుని విషయాన్ని వదిలేసిన పాపం మీ వాళ్ళదే. మీ డీటీపీ సెంటర్లో ఇప్పటికీ అను ఫాంట్లే కదా?

తమ్ముడు: చాలాచోట్ల అవే. అచ్చులో అక్షరం కళగా ఉంటుంది మరి.

అక్క: ఆ మేటర్ తీసి వాట్సాప్‌లో పెట్టు.

తమ్ముడు: పిచ్చి గుర్తులొస్తాయి. తెలుసులే.

అక్క: ఎందుకొస్తాయి? అక్కడున్నది తెలుగు కాదు కాబట్టి. ఇంగ్లీషు సంకేతాల మీద తెలుగు ఆకారాలు కప్పారు, అంతే. పాతికేళ్ళ కిందట మన పత్రికల సైట్లూ అదే దారి. ఒక్కో పత్రికకి ఒక్కో సొంత ఫాంటు. అది దించుకోకపోతే పేజీ చదవలేం, దించుకున్నా అందులో ఒక మాట వెతకలేం. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. అయినా కళ్ళకి బాగుంటే చాలనుకుని ఏళ్ళ తరబడి అలాగే నడిపించారు. వెన్నా నాగార్జునగారు కూర్చుని పద్మ అనే ఉపకరణం రాసి, ఆ ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మార్చే దారి చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి నాంది పలికింది కూడా ఆయనే. ముందు పనివాళ్ళకి వెనక పని తెలియకపోతే ఏమవుద్దో చూడాలంటే అంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

తమ్ముడు: అలాగైతే నేర్చుకోవాల్సింది నేనన్నమాట. ప్రశ్న తిరగబడింది కదక్కా?

అక్క: తిరగబడలేదు, రెండోవైపు కూడా ఉందంటున్నాను. నా వైపు ఉదాహరణ కూడా ఇస్తాను, ఇది ఖరీదైనది. 2020 ఆగస్టులో న్యూయార్క్‌లో సిటీ బ్యాంకు. రెవ్లాన్ అని అలంకరణ సామగ్రి చేసే కంపెనీకి కొందరు అప్పిచ్చారు. వాళ్ళకి బ్యాంకు వడ్డీ పంచాలి, సుమారు 78 లక్షల డాలర్లు. వెళ్ళింది దాదాపు 90 కోట్ల డాలర్లు. అసలంతా బ్యాంకు తన సొంత డబ్బులోంచి పంపేసింది.

తమ్ముడు: ఎవడు నొక్కాడు బాబూ?

అక్క: ఒకడు కాదు. నింపినవాడు, సరిచూసినవాడు, ఆమోదించినవాడు, ముగ్గురు. సాఫ్ట్‌వేర్ పేరు ఫ్లెక్స్‌క్యూబ్. మన దేశంలో ఐఫ్లెక్స్ వాళ్ళు చేసింది, తర్వాత ఒరాకిల్ చేతికెళ్ళింది. అసలు బయటికి పోకుండా లోపలి ఖాతాలోనే ఆగాలంటే తెర మీద మూడు గళ్ళు నింపాలి: ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్. వాళ్ళు ప్రిన్సిపల్ ఒక్కటీ నింపి చాలనుకున్నారు. ముగ్గురూ అలాగే అనుకున్నారు. డబ్బు బ్యాంకు బయటికి వెళ్తుందని ఒక హెచ్చరిక కూడా వచ్చింది. ఎంత వెళ్తుందో మాత్రం అందులో లేదు.

తమ్ముడు: తర్వాత?

అక్క: కొందరు తిరిగిచ్చారు. ఇవ్వనివాళ్ళ దగ్గర 50 కోట్ల డాలర్లదాకా ఉండిపోయాయి. 2021 ఫిబ్రవరిలో జడ్జి ఉంచుకోవచ్చన్నాడు. 2022 సెప్టెంబరులో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. రెండేళ్ళు పట్టింది.

తమ్ముడు: నా వాదనకే బలం చేకూర్చావు. అక్కడొక మంచి డిజైనరుంటే ఆ గొడవ పుట్టేదే కాదు.

అక్క: డిజైనరొచ్చి ఆ మూడు గళ్ళకి గుండ్రటి అంచులు పెట్టి, మధ్యలో ఖాళీ వదిలి వెళ్ళిపోతే? ఆ మూడూ కలిస్తేనే ఒక నిర్ణయమని అతనికెలా తెలుసు? ఆ తెర చూస్తే నాకేమనిపిస్తుందంటే, లోపలి పేర్లనీ లోపలి విభజననీ ఎవరో ఉన్నదున్నట్టు బయటికి తెచ్చి పెట్టారు. మేం చేసేదదే. మా టేబుల్లో మూడు కాలమ్‌లుంటే తెర మీద మూడు గళ్ళు వస్తాయి. మాకు ఆ మూడూ తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకుంటాం. నేను నేర్చుకోవాలంటున్నది ఈ తప్పు పట్టుకోవడం, రంగులు కలపడం కాదు.

తమ్ముడు: మరి రంగులు కలిపావేం?

అక్క: కలిపాను. సరదా పడ్డాను. తీసేస్తాను, నీ ఇష్టమొచ్చింది పెట్టుకో.

తమ్ముడు: ఇప్పుడు దారికొచ్చావు.

అక్క: దారికి రాలేదు. ఊదారంగు ఒక్కటే ఇచ్చాను. మిగతాది ఇవ్వను. జిల్లా సంగతే చూడు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. చోడవరం విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. మనం కదల్లేదు, జిల్లా కదిలింది. రైతు పాత పాసుపుస్తకంలో విశాఖపట్నమని ఉంటుంది, కొత్త కాగితంలో అనకాపల్లి అని ఉంటుంది. ఒక్కటే ఎంచుకోమని నువ్వొక జాబితా పెడతావు, ఒక్కటే దాచుకునేలా నేనొక గడి పెడతాను. ఇద్దరం కలిసి ఆ మనిషిని అబద్ధమాడమంటున్నాం.

తమ్ముడు: బెల్లం డబ్బుకి జిల్లా ఎందుకసలు? అడక్కుండా ఉంటే పోద్ది కదా.

అక్క: ...అది కూడా నిజమే. తీసేద్దాం.

(చూశారా, డిజైనరు చేసే మంచి పనుల్లో సగం ఇలాంటివే, ఉన్నదాన్ని తీసేయించడం. దీన్ని ఏ కోర్సులో నేర్పుతారో మరి.)

తమ్ముడు: ఇంకో మాట చెప్తాను. అసలీ పేజీలే పోయే కాలమొచ్చింది. 2025 జనవరి 30న మన మిత్ర మొదలైంది. వాట్సాప్‌లోనే 161 ప్రభుత్వ సేవలతో మొదలెట్టారు. అక్కడ నా రంగు లేదు, నా ఫాంటు లేదు, నా బటన్ లేదు. మెసేజి పెడతావు, జవాబొస్తుంది. ఇంకోవైపు ఏఐకి నాలుగు ముక్కలు చెప్తే పేజీ గీసి ఇస్తోంది. నాకే పని ఉంటుందో ఉండదో తెలియని వృత్తిని నువ్వు ఇప్పుడు కొత్తగా నేర్చుకుంటానంటే నవ్వొస్తోంది.

అక్క: వాట్సాప్‌లో అయినా ముందేది అడగాలి, ఆఖరున ఏది అడగాలి? మనిషి తప్పు నంబరు కొడితే ఏమనాలి? ఒకే పేరుతో ఇద్దరుంటే ఎలా తేల్చాలి? రంగు లేని చోట ఇవే మిగులుతాయి. అవన్నీ నా సర్వర్లోంచే బయటికొస్తాయి. ఇంతకుముందైతే నా వంకర మాటని నువ్వు సర్ది చూపించేవాడివి. ఇప్పుడు మధ్యలో నువ్వు లేవు. నా మాట నేరుగా రైతు చేతిలో పడుద్ది. పేజీలు పోయినకొద్దీ నేను నేర్చుకోవాల్సింది పెరుగుద్ది గానీ తగ్గదు.

తమ్ముడు: దానికి డిజైననే పేరెందుకు? తెలుగు సరిగ్గా రాయడం అను.

అక్క: పేరు నువ్వు పెట్టుకో.

తమ్ముడు: సరే, పరీక్ష పెడతాను. గుమస్తా "డబ్బు పంపు" నొక్కాడు. నొక్కగానే సిగ్నలు పోయింది. ఎదురుగా రైతు నిలబడి ఉన్నాడు. నీ తెర మీద ఏమొస్తుంది?

అక్క: "లావాదేవీ విఫలమైంది, 504."

తమ్ముడు: అద్భుతం. రైతు గుండె ఆగిపోద్ది. అదే నేనైతే ఏం రాస్తాను? "సిగ్నలు సరిగ్గా లేదు, మళ్ళీ ప్రయత్నించండి." కింద పెద్ద బటన్. ఒక్క నొక్కుతో పనైపోద్ది.

అక్క: పెట్టకు! ఆ బటన్ పెట్టావంటే వ్యాపారి దివాలా.

తమ్ముడు: ఏం?

అక్క: 504 అంటే బ్యాంకు వైపు నుంచి జవాబు వేళకి రాలేదని. డబ్బు వెళ్ళలేదని కాదు. వెళ్ళి ఉండొచ్చు, జవాబు దారిలో పోయి ఉండొచ్చు. మళ్ళీ నొక్కితే రెండోసారి వెళ్తుంది. యార్డులో సిగ్నలు ఎలా ఉంటుందో నీకు తెలుసు. నీ పెద్ద బటన్‌ని గుమస్తా నాలుగుసార్లు నొక్కుతాడు.

తమ్ముడు: వెళ్ళిందో లేదో నీకే తెలియనప్పుడు "విఫలమైంది" అని ఎలా రాశావక్కా?

అక్క: అది... ఫ్రేమ్‌వర్కులో ముందే ఉన్న మాట. తెలుగులోకి మార్చి వదిలేశాను.

తమ్ముడు: నా మాట డబ్బు పోగొడుద్ది, నీ మాట అబద్ధమాడుద్ది. పెదనాన్నా, ఇది ఎవరి ఖాతాలో రాస్తావు?

(నేనేం రాయలేదు. టీ కలపమని లోపలికి కేకేశాను.)

అక్క: ఉన్నమాట రాద్దాం. "డబ్బు చేరిందో లేదో బ్యాంకు ఇంకా చెప్పలేదు. మళ్ళీ పంపకండి."

తమ్ముడు: బాగానే ఉంది గానీ గుమస్తా ఎంతసేపు ఆగాలి? ఎదురుగా మనిషిని నిలబెట్టుకుని ఊరికే ఆగమంటే ఆగడు. పేజీ మూసేసి మళ్ళీ తెరిచి మొదట్నుంచీ కొడతాడు. నువ్వు బటన్ దాచినా అతను దారి వెతుక్కుంటాడు. ఎన్నిసార్లు నొక్కినా డబ్బు ఒక్కసారే వెళ్ళేలా చెయ్యలేవా?

అక్క: చెయ్యొచ్చు. పంపకముందే ఒక్కో చెల్లింపుకి ఒక నంబరు కేటాయించాలి. అదే నంబరుతో పదిసార్లొచ్చినా మొదటిదే లెక్క, మిగతావి పాత జవాబే తీసుకుని వెళ్తాయి. బ్యాంకు వైపు కూడా ఆ నంబరుని ఒప్పుకోవాలి. పేజీ మూసి తెరిచినా నంబరు మారకూడదు కాబట్టి, దాన్ని గుమస్తా నొక్కినప్పుడు కాకుండా తూకం చీటీ రాసినప్పుడే పుట్టించాలి.

తమ్ముడు: ఇన్నాళ్ళూ చెప్పలేదేం? ఇది వచ్చని తెలిస్తే పేజీని వేరేలా గీసేవాణ్ణి.

అక్క: నీకు పనికొస్తుందని నాకేం తెలుసు? ఇప్పుడు బటన్ కోసం నేను టేబుల్ అంతా మార్చాలి.

తమ్ముడు: మార్చు. ఈలోగా బ్యాంకు జవాబు వచ్చేదాకా తెర మీద ఏముండాలో నేను చూస్తాను. ఆ జవాబులు ఎన్ని రకాలుగా వస్తాయి?

అక్క: వచ్చింది, రాలేదు, ఆగింది, ఖాతా నంబరు తప్పు, పేరు కలవలేదు, బ్యాంకు సెలవు... 17 రకాలు.

తమ్ముడు: అన్నీ పంపు. ఒక్కోదానికీ అసలు ఉదాహరణ కూడా పెట్టు. రాము, సీత వద్దు.